ఉద్యోగం చేసుకుంటూ టెరిటోరియల్ ఆర్మీ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తూ టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసర్‌గా ఉన్నాను. మేమంతా టీఏ అంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. ఈ మధ్య మనవాళ్లు దీని గురించి బాగా అడుగుతున్నారు, చాలా సంతోషం. కానీ అడిగేవాళ్లలో కొందరు దీన్ని గవర్నమెంట్ ఉద్యోగం అనుకుంటున్నారు, ఇంకొందరు సెలవు రోజుల్లో సరదాగా చేసే పని అనుకుంటున్నారు. రెండూ కాదు. సెలక్షన్ ఎలా కొట్టాలన్నది తర్వాత సంగతి. ముందు ఏడాదిలో రెండు నెలలు, కొన్నిసార్లు అంతకంటే చాలా ఎక్కువ, మీరు లేకుండా మీ ఆఫీసూ మీ ఇల్లూ నడుస్తాయా లేదా అన్నది తేలాలి. అది తేలితే మిగతాదంతా కష్టపడి సాధించుకోవచ్చు.

అపోహ: టీఏ అంటే ఆర్మీ ఉద్యోగానికి దొడ్డిదారి.

ఆఫీసర్ ఎంట్రీకి అప్లై చేయాలంటే ముందు మీకు సంపాదన ఉండాలి. ఉద్యోగమైనా సరే, లాయర్ ప్రాక్టీసో వ్యాపారమో లాంటి స్వయం ఉపాధి అయినా సరే, ఆదాయానికి రుజువు చూపించాలి. నోటిఫికేషన్‌లోనే రాస్తారు, ఇది పూర్తికాల కెరీర్ కాదు, పూర్తికాల సర్వీసుకు గ్యారంటీ లేదు అని. ఆ ఆలోచనతోనే ఇది మొదలైంది. టెరిటోరియల్ ఆర్మీ చట్టం 1948లో వచ్చింది, 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దీన్ని ప్రారంభించారు. మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, ఏటా శిక్షణ తీసుకుంటూ, దేశానికి అవసరమైనప్పుడు పిలిస్తే యూనిఫాం వేసుకుని వచ్చే పౌరుల సైన్యం ఇది. 1962, 1965, 1971 యుద్ధాల్లో అలాగే పిలిచారు, వెళ్లారు.

అందుకే "అన్నా, జాబ్ మానేసి టీఏకి ప్రిపేర్ అవుతున్నా" అని ఎవరైనా మెసేజ్ పెడితే నాకు గుండె గుభేలుమంటుంది. దయచేసి ఆ పని చేయకండి. ఖాళీలు కూడా వేలల్లో ఉండవు, 2025 ఆఫీసర్ నోటిఫికేషన్‌లో ఉన్నవి మొత్తం 19. రాతపరీక్ష, ప్రిలిమినరీ ఇంటర్వ్యూ, ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పెట్టే పరీక్షలు, ఇంటర్వ్యూ), మెడికల్, ఇవన్నీ దాటాలి. డబ్బు తీసుకుని సీటు ఇప్పిస్తామనేవాళ్లు ఎవరు తగిలినా వాళ్లు మోసగాళ్లే, ఇందులో రెండో మాట లేదు.

అపోహ: నెలకో వీకెండ్ వెళ్తే చాలు.

ఇది అమెరికా నుంచి వచ్చిన మాట. అక్కడి మన బంధువుల పిల్లలు నేషనల్ గార్డ్‌లోనో ఆర్మీ రిజర్వ్‌లోనో చేరి ఉంటారు, "నెలకో వీకెండ్, ఏడాదికి రెండు వారాలు" అని చెప్తారు. అది అక్కడి లెక్క. వాళ్లకి కూడా పిలుపొస్తే నెలల తరబడి వెళ్లాల్సిందే, అది వేరే విషయం. మన దగ్గర పట్టణ యూనిట్లకు సెలవు రోజుల్లో శిక్షణ ఇచ్చే పద్ధతి నిబంధనల్లో ఉంది. అయితే ఇన్‌ఫాంట్రీ (పదాతిదళ) యూనిట్‌లో కమిషన్, అంటే ఆఫీసర్‌గా నియామకం, వచ్చినవాళ్ల లెక్క వేరు: మొదటి ఏడాది ఒక నెల బేసిక్ ట్రైనింగ్, మొదటి ఏడాదితో కలిపి ఏటా రెండు నెలల వార్షిక క్యాంపు, తొలి రెండేళ్లలోపు మూడు నెలల పోస్ట్ కమిషన్ ట్రైనింగ్.

ఇప్పుడు కూడండి. ఒకటి, రెండు, రెండు, మూడు. తొలి రెండేళ్లలో ఎనిమిది నెలలు! ఇరవై నాలుగు నెలల్లో మూడోవంతు. చేరాలనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క కాగితం మీద రాసుకుని ఇంట్లో గోడకి అంటించుకుంటే బాగుంటుంది, ఎందుకంటే కొత్తగా చేరినవాళ్లు కుదేలయ్యేది సరిగ్గా ఇక్కడే. మూడో ఏడాది నుంచి రెండు నెలల క్యాంపు ఒక్కటే కాబట్టి కాస్త ఊపిరాడుతుంది, అది కూడా పిలుపు రాకపోతేనే.

అపోహ: పిలుపు గిలుపు అంతా పాతకాలం మాట, ఇప్పుడు ఎవరూ పిలవరు.

2025 మే 6న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు చూడండి. టెరిటోరియల్ ఆర్మీ నిబంధనల్లోని 33వ నియమం కింద, అవసరమైతే టీఏలోని ప్రతి ఆఫీసర్‌నీ, ప్రతి జవాన్‌నీ పిలిచే అధికారం సైన్యాధిపతికి ఇచ్చారు. ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను విధుల్లోకి తీసుకునే వీలు కల్పించారు, 2028 ఫిబ్రవరి 9 దాకా అది అమల్లో ఉంటుంది. ఆ వార్త మే 9న బయటికొచ్చింది, ఆపరేషన్ సిందూర్ నడుస్తున్న రోజులవి. ఆ సాయంత్రం టీఏలో ఉన్నవాళ్ల ఇళ్లలో అందరూ మాట్లాడుకున్నది ఒకటే, ఎప్పుడు బయల్దేరాలి అని.

ఇలా విధుల్లోకి తీసుకోవడాన్ని ఎంబాడీమెంట్ అంటాం. అందులో ఉన్నన్నాళ్లూ మీకు రెగ్యులర్ ఆర్మీ ఆఫీసర్‌కి వర్తించే చట్టమే, అదే క్రమశిక్షణ, అదే ప్రమాదం. జమ్మూ కశ్మీర్‌లో ఏళ్ల తరబడి ఎంబాడీమెంట్‌లోనే ఉన్న టీఏ బెటాలియన్లున్నాయి. పార్ట్‌టైమ్ అనేది ఉద్యోగ స్వభావానికి సంబంధించిన మాట, డ్యూటీకి కాదు. ఇంట్లోవాళ్లకి ఈ విషయం మెత్తగా, డొంకతిరుగుడుగా చెప్పకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అపోహ: ధోనీలాగా ఒక ఫొటో, ఒక ర్యాంక్, అంతే.

ధోనీకి 2011లో ఇచ్చింది గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా. మోహన్‌లాల్‌కి 2009లో, కపిల్ దేవ్‌కి 2008లో ఇచ్చినవీ గౌరవ హోదాలే. వాటివల్ల టీఏ పేరు ఊరూరా తెలిసింది, మంచిదే. ధోనీ ఆ గౌరవాన్ని తేలిగ్గా తీసుకోలేదు కూడా, పారాట్రూపర్ జంప్‌లు పూర్తి చేశాడు, 2019లో కశ్మీర్ వెళ్లి జవాన్లతో కలిసి గస్తీ, గార్డు డ్యూటీలు చేశాడు. మన సంగతి వేరు. మనం సెలక్షన్ దాటి లెఫ్టినెంట్‌గా మొదలవ్వాలి. రాజకీయాల్లో ఉంటూనే ఆ దారిలో వచ్చి 2012లో కమిషన్ తీసుకున్నవాడు సచిన్ పైలట్.

అపోహ: ప్రైవేటు ఆఫీసు ఒప్పుకోదు. / చట్టం ఉంది కదా, చచ్చినట్టు ఒప్పుకుంటుంది.

రెండూ వింటుంటాను, ఒక్కోసారి ఒకే మనిషి నోట. ముందు చట్టం చూద్దాం. టీఏ చట్టంలోని 7ఏ సెక్షన్ ప్రకారం, మిలిటరీ సర్వీసుకు వెళ్లిన ఉద్యోగి తిరిగొచ్చాక అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోవాల్సిన బాధ్యత యజమానిది, అది కూడా వెళ్లకపోయి ఉంటే ఉండే షరతులకు తగ్గకుండా. కాదంటే విషయం నిర్ణీత అధికారి దగ్గరికి వెళ్తుంది, ఆరు నెలల జీతం దాకా కట్టించే వీలుంది. పీఎఫ్ లాంటి వాటిలో మీ హక్కులు పోకుండా 7బీ ఉంది. బలమైన రక్షణే. కానీ ఆరు నెలల జీతం కోసం కొట్లాడేసరికి మీ ప్రమోషన్, మీ టీమ్, మీ మనశ్శాంతి ఎక్కడుంటాయో ఆలోచించండి. చట్టాన్ని జేబులో పెట్టుకోండి, ముందు మాట్లాడాల్సింది మేనేజర్‌తో.

పేచీ ఎక్కువసార్లు మనుషులతో రాదు, సిస్టమ్‌తో వస్తుంది. లీవ్ పోర్టల్ ఓపెన్ చేస్తే క్యాజువల్, సిక్, ఎర్న్‌డ్, మెటర్నిటీ, పెటర్నిటీ అన్నీ ఉంటాయి, సైనిక శిక్షణ అనే గడి మాత్రం ఉండదు. మేనేజర్ నోటిమాటగా "వెళ్లిరా బాబూ" అంటాడు, మనం బ్యాగు సర్దుకుని పోతాం. నాకు తెలిసిన ఒక ఆఫీసర్‌కి ఇలాగే జరిగింది, క్యాంపులో ఉండగా అతని కంపెనీ సాఫ్ట్‌వేర్ తనంతట తనే "సమాచారం లేకుండా గైర్హాజరు" అని నోటీసు పంపింది, ఆ నెల జీతమూ ఆగింది. అడవిలో నైట్ మార్చ్ చేసి పొద్దున్నే టెంట్‌కి వచ్చి ఆ మెయిల్ చూసుకున్నాడు పాపం, హెచ్‌ఆర్‌తో అది సరిచేయించుకోవడానికి క్యాంపు అయ్యేదాకా పట్టింది.

అందుకే అంతా రాతపూర్వకంగా ఉండాలి. నేను పంపే మెయిల్ ఇలా ఉంటుంది, కావాలంటే వాడుకోండి: "నేను టెరిటోరియల్ ఆర్మీలో కమిషన్డ్ ఆఫీసర్‌ని. ఈ ఏడాది వార్షిక శిక్షణ క్యాంపు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు. యూనిట్ లెటర్ జతచేశాను. నేను లేనప్పుడు ఈ మూడు పనులు ఫలానా వాళ్లు చూస్తారు, వాళ్లతో మాట్లాడాను. ఈ కాలాన్ని ఏ సెలవు కింద నమోదు చేస్తారో, జీతం సంగతేమిటో రాతపూర్వకంగా తెలియజేయగలరు." మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ ఒకేసారి పంపుతాను, లెటర్ చేతికొచ్చిన రోజే. పనులు ఎవరు చూస్తారన్న వాక్యమే అన్నిటికంటే ముఖ్యం, మేనేజర్ నిజంగా చదివేది అదొక్కటే.

గవర్నమెంట్, పీఎస్‌యూ (ప్రభుత్వ రంగ సంస్థల) ఉద్యోగులకు ఎన్‌వోసీ, అంటే ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం, తప్పనిసరి. దాని ఫైలు టేబుల్ టేబుల్ తిరుగుతుంది కాబట్టి నోటిఫికేషన్ పడ్డాక కాదు, అంతకు ముందే కదిలించండి.

అపోహ: రెండు జీతాలు, పైగా పెన్షన్.

టీఏ జీతం మీరు శిక్షణలో ఉన్న రోజులకు, ఎంబాడీమెంట్‌లో ఉన్న రోజులకు మాత్రమే. ఆ రోజులకు రెగ్యులర్ ఆఫీసర్‌తో సమానంగానే వస్తుంది, లెఫ్టినెంట్‌కి మూలవేతనం నెలకు 56,100 రూపాయల నుంచి మొదలు, మిలిటరీ సర్వీస్ పే 15,500, ఇతర భత్యాలు అదనం. ఇంటికొచ్చేస్తే ఆగిపోతుంది. ఆ రోజులకు కంపెనీ కూడా జీతం ఇస్తుందా, లాస్ ఆఫ్ పే వేస్తుందా అన్నది కంపెనీ పాలసీని బట్టి ఉంటుంది. మంచి ఐటీ జీతం ఉన్నవాళ్లకి క్యాంపు నెలల్లో రాబడి తగ్గే అవకాశమే ఎక్కువ, ఈఎంఐలు ఉంటే ఆ రెండు నెలల డబ్బు ముందే పక్కన పెట్టాలి. పెన్షన్ కావాలంటే ఆఫీసర్‌కి ఇరవై ఏళ్ల ఎంబాడీడ్ సర్వీసు ఉండాలి. ఏటా రెండు నెలల క్యాంపులతో అది ఎప్పటికి పూర్తవుతుందో మీరే లెక్కేసుకోండి. డబ్బు కోసమైతే ఇటు రావద్దనే చెప్తాను.

అపోహ: చదువుకుంటూ టీఏ చేయొచ్చు.

ఆఫీసర్ ఎంట్రీకి డిగ్రీ కావాలి, సంపాదనా కావాలి, కాబట్టి రెగ్యులర్ కాలేజీ స్టూడెంట్‌కి ఇది కాదు. కాలేజీలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎన్‌సీసీలో చేరండి, సీ సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో పీజీ చదివేవాళ్లయితే ఒక్క జాగ్రత్త చాలు. ఇగ్నో లాంటి చోట పరీక్షలు జూన్, డిసెంబరుల్లో ఉంటాయి, క్యాంపు తేదీలు వాటి మీద పడితే క్యాంపే గెలుస్తుంది. ఆ సెమిస్టర్ పేపర్లు తగ్గించి రాయండి, తొలి రెండేళ్లలో మాత్రం కొత్త కోర్సు పెట్టుకోకండి.

అపోహ: ఆడవాళ్లకి లేదు. ముప్ఫై దాటితే లేదు.

ఢిల్లీ హైకోర్టు 2018 జనవరిలో తీర్పు ఇచ్చాక మహిళలకూ తలుపు తెరుచుకుంది, పోస్టులు ఇంకా చాలా తక్కువ, అది బాధే. వయసు 42 వరకు ఉంది.

అపోహ: ఇంట్లో సెలక్షన్ అయ్యాక చెప్తే చాలు.

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. క్యాంపులో మన కష్టం మనకి తెలుస్తూనే ఉంటుంది, పొద్దున్నే పీటీ, ఫైరింగ్, మ్యాప్ రీడింగ్, కాళ్లకి బొబ్బలు, రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. ఇంట్లో ఉన్న మనిషి కష్టం ఎవరికీ కనపడదు. ఆమెకీ ఉద్యోగం ఉంటుంది, పిల్లల హోంవర్కు, అత్తగారి బీపీ మందులు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, మన వాటా పని మొత్తం ఆమె నెత్తిన పడుతుంది. ఆవిడే టీఏ ఆఫీసరైతే ఆయన నెత్తిన.

చిన్న ఉదాహరణ చెప్తాను. స్కూల్ ఫీజుకి ఆఖరి తేదీ. మా ఆవిడ ఆన్‌లైన్‌లో కడుతోంది, ఖాతా నా పేరు మీద ఉంది కాబట్టి ఓటీపీ నా ఫోన్‌కి వచ్చింది. నా ఫోన్ ఫైరింగ్ రేంజ్‌కి దూరంగా, స్విచ్ఛాఫ్‌లో, పెట్టెలో ఉంది. ఆ రోజు తను బ్యాంకు చుట్టూ, స్కూలు చుట్టూ తిరిగింది. అప్పటినుంచి మా ఇంట్లో జాయింట్ ఖాతా ఉంది, ఇంటి ఖర్చుల ఓటీపీలన్నీ తన నంబరుకే, గ్యాస్ బుకింగ్ తన నంబరుకే, ఇన్సూరెన్స్ కార్డులు, బండి కాగితాలు ఒకే ఫైల్లో. వెళ్లే ముందు కూర్చుని ఆ ఫైలు ఇద్దరం ఒకసారి తిరగేస్తాం. అమ్మానాన్నలు వేరే ఊళ్లో ఉంటే వాళ్ల డాక్టర్ నంబరు, పక్కింటివాళ్ల నంబరు కూడా అందులో రాసి పెట్టండి.

పిల్లలకి క్యాంపు తేదీలు క్యాలెండర్‌లో చూపించండి. రోజూ ఫోన్ చేస్తానని మాత్రం మాట ఇవ్వకండి, ఎక్సర్‌సైజ్‌లో (యుద్ధ అభ్యాసంలో) ఉన్న రోజుల్లో కుదరదు, కుదరని మాట ఇస్తే వాళ్లు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. "కుదిరిన రోజు సాయంత్రం చేస్తా, చేయకపోతే పనిలో ఉన్నట్టు" అంటే పిల్లలు చక్కగా అర్థం చేసుకుంటారు.

అపోహ: తిరిగొచ్చిన మర్నాడే అంతా మామూలే.

క్యాంపు ఆదివారం ముగిస్తే సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లే ప్లాన్ వేయకండి. రైల్లో రావాలి, నిద్ర తీరాలి. ఇంట్లో రెండు నెలలుగా వాళ్లు ఏర్పాటు చేసుకున్న పద్ధతి ఒకటి ఉంటుంది, వచ్చీరాగానే "ఇది ఇక్కడెందుకు పెట్టారు" అని యూనిట్‌లో మాట్లాడినట్టు మాట్లాడితే గొడవే. సెలవు అడిగేటప్పుడే చివర రెండు రోజులు కలిపి అడగండి. ఆ రెండు రోజులు పిల్లల్ని స్కూల్లో దింపడం, కూరగాయలు తేవడం, మందుల షాపుకి వెళ్లడం మీరు చేయండి, ఇంట్లో మనిషిని పడుకోనివ్వండి.