కొలరాడో నీటి తగవు: మూలాలు 1869లో

కొలరాడో నది నీటి పంపకంపై అమెరికాలోని ఏడు రాష్ట్రాలు ఏళ్ల తరబడి వాదులాడుకుంటున్నాయి. కొరత వచ్చినప్పుడు ఎవరు ఎంత తగ్గించుకోవాలో చెప్పే 2007 నాటి మార్గదర్శకాలు 2026 వరకే వర్తించేలా రాసుకున్నవి కావడంతో వాదన ముదిరింది. అయితే ఈ తగవు బీజాలు, ఆ నేలను తొలిసారి శాస్త్రీయంగా పరిశీలించినవారి మాటను పట్టించుకోకపోవడంలోనే ఉన్నాయి.

1869 మే 24న జాన్ వెస్లీ పావెల్ తొమ్మిది మందిని వెంటబెట్టుకుని నాలుగు పడవల్లో వయోమింగ్‌లోని గ్రీన్ రివర్ పట్టణం నుంచి కొలరాడో నది లోయల వైపు బయలుదేరాడు. ఆయన అమెరికా అంతర్యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న భూగర్భ పరిశోధకుడు. యూట్, పైయూట్, హోపీ తెగలకు తరతరాలుగా తెలిసిన ఆ లోయలు ప్రభుత్వ పటాల్లో మాత్రం ఖాళీగా ఉండేవి. జూన్ 9న ఒక పడవ బండలకు కొట్టుకుని ముక్కలైంది, దానితోపాటు తిండిసామగ్రిలో పెద్ద భాగం పోయింది. గ్రాండ్ కాన్యన్ చేరేసరికి మిగిలిన పిండి తడిసి బూజుపట్టగా, దాన్ని దోమతెరతో జల్లించి వండుకున్నారు. ఒకరు జూలైలోనే తప్పుకోగా, ఆగస్టు 28న మరో ముగ్గురు ఇక తమవల్ల కాదని ఒడ్డెక్కి వెళ్లిపోయి, మళ్లీ కనిపించలేదు. మరో రెండు రోజులకే మిగిలిన ఆరుగురు వర్జిన్ నది సంగమం వద్ద క్షేమంగా బయటపడ్డారు.

ఈ సాహసం పావెల్‌కు పేరు తెచ్చింది. నా దృష్టిలో అంతకన్నా విలువైనది 1878లో ఆయన సమర్పించిన శుష్క భూముల నివేదిక. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం స్థిరపడే కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చేది. వాన సరిగా పడని పడమట ఆ కొలత పొసగదనీ, తడిపొలమైతే 80 ఎకరాలు చాలనీ, పశువుల మేతకైతే 2,560 ఎకరాలు కావాలనీ, భూమి హక్కును నీటి హక్కుతో ముడిపెట్టాలనీ ఆయన వాదించాడు. యూటాలో మార్మన్ మతశాఖ రైతులు ఉమ్మడిగా కాలువలు తవ్వి పంటలు పండించడం ఆయన కళ్లారా చూశాడు. కానీ దున్నిన చోటికి వాన తానే వస్తుందని నమ్మబలికే భూవ్యాపారుల కాలమది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ నివేదికను పక్కన పెట్టింది. 1893లో లాస్ ఏంజెలెస్ సాగునీటి మహాసభలో, ఉన్న నేలంతటికీ సరిపడా నీరు లేదనీ, పోగవుతున్నవి వ్యాజ్యాలేననీ చెబితే సభికులు ఆయనను గేలి చేశారు.

1922 నవంబరులో శాంటా ఫేలో ఈ ఏడు రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందం ఆ అత్యాశనే కాగితం మీద పెట్టింది. ఎగువ, దిగువ పరీవాహకాలకు ఏటా చెరో 75 లక్షల ఎకరా అడుగులు, అంటే మన లెక్కలో సుమారు 327 టీఎంసీలు రాశారు. 1944 సంధితో మెక్సికోకు మరో 65 టీఎంసీలు చేరాయి. వర్షాలు విరివిగా కురిసిన సంవత్సరాల ప్రవాహాన్నే ప్రమాణంగా తీసుకోవడం అసలు పొరపాటు. 2000 తర్వాత నది సగటు సహజ ప్రవాహం 600 టీఎంసీలకు కూడా చేరడం లేదు.

ఇందులో అందరికన్నా తక్కువ మాట దక్కింది మూలవాసి తెగలకు. వారికి కేటాయించిన ప్రాంతాలకు (రిజర్వేషన్లకు) నీటి హక్కు ఉందని 1908లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పినా, 1922 ఒప్పందం వారిని ఒక్క వాక్యంతో సరిపెట్టి, వాటా సంఖ్య ఏదీ రాయలేదు. తెగల నీటిని సాధారణంగా అవి ఉన్న రాష్ట్రం వాటాలోనే లెక్కిస్తారు కనుక, తేలకుండా మిగిలిన వారి హక్కులు ఒక్కొక్కటిగా తేలేకొద్దీ ఇతరులు వాడుకుంటున్న నీటిలో కోత పెట్టవలసి వస్తుంది.