మాంత్రికుడు బెదిరిస్తే చంపవచ్చా?

వెస్ట్ మాంబలం, చెన్నై

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరిద్దరూ పోట్లాడుకుంటూ అడిగిన ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వలేదు. మీరు చదువుతున్న మాయాలోకం కథలో మాంత్రికుడు కుర్రవాడి మెడకు కత్తి ఆనించి, "ఆ కావలివాణ్ని చంపు, లేకపోతే నిన్ను చంపుతాను" అన్నాడు. కుర్రవాడు చంపేశాడు. "వాడు మాత్రం ఏం చేస్తాడు తాతయ్యా" అని ఒకరు, "హత్య హత్యే" అని ఒకరు. నలభై ఏళ్లు వకీలు గారి దగ్గర గుమాస్తాగా పనిచేసినవాణ్ని కదా, నాకు తోచింది చెబుతాను.

2019 వేసవి మీకు గుర్తుండదు. చెన్నైకి తాగునీరిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ అడుగంటాయి. నీళ్ల లారీ వచ్చే వేళకు మా వీధి పొడవునా రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు బారులు తీరేవి. ప్రాణాన్ని అలాంటి ఒక బిందెడు నీళ్లనుకోండి. ఒక బలవంతుడు నా బిందె మీద కాలు పెట్టి, "పక్కావిడ బిందె తన్నెయ్, లేదా నీది తన్నేస్తాను" అన్నాడు. నా భయం నిజమైనదే. కానీ ఆవిడ ఏం తప్పు చేసింది? ఆవిడ నీళ్ల కోసం ఇంట్లో పిల్లలు చూస్తుంటారు. నా నీళ్లు ఆవిడ నీళ్లకంటే తియ్యనివని ఎవరు చెప్పారు?

మన చట్టం కూడా ఇక్కడే ఆగింది. పాత భారత శిక్షాస్మృతిలో 94వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 32వ సెక్షన్. అక్కడికక్కడే చంపేస్తారన్న భయంతో చేసిన పనిని అది నేరంగా లెక్కించదు. దోపిడీ దొంగలు పట్టుకుని చంపుతామంటే తన పనిముట్లతో ఒక ఇంటి తలుపు పగలగొట్టిన కమ్మరిని ఉదాహరణగా అక్కడే రాశారు. ఆ కమ్మరికి శిక్ష లేదు. అయితే హత్యకూ, మరణశిక్ష పడదగిన రాజ్యద్రోహ నేరాలకూ ఆ మినహాయింపు లేదు. తలుపు మళ్లీ బిగించుకోవచ్చు.

మళ్లీ బిందెల దగ్గరికి వద్దాం. నా బిందె మీద పెట్టిన ఆ కాలినే నేను తోసేస్తే? అది ఆత్మరక్షణ. కుర్రవాడు మాంత్రికుడి మీద తిరగబడి, వేరే దారి లేక వాణ్ని చంపి ఉంటే చట్టం వాడి పక్షాన నిలిచేది. పక్కవాడి ప్రాణం కాపాడటానికి కూడా ఆ హక్కు ఉంది. ఆ బలవంతుడు నా కాలు పట్టుకుని ఊపి ఆవిడ బిందెను తన్నిస్తే? అప్పుడు తన్నింది నేను కాదు. కథలో మంత్రం వేసి చేతిని ఆడిస్తే చంపింది మాంత్రికుడే. బెదిరింపు వేరు. బెదిరినవాడి చెయ్యి ఇంకా వాడిదే. నేను వరుస తప్పించుకోవాలని ముందే ఆ బలవంతుడితో చేతులు కలిపి ఉంటే, తర్వాత భయపడ్డానన్న మాట చెల్లదు. మీ కుర్రవాడు శక్తుల కోసం తనంతట తానే మాంత్రికుడి ముఠాలో చేరాడేమో చూడండి. చేరి ఉంటే కమ్మరికి దొరికిన క్షమ కూడా వాడికి దొరకదు.

ఇంగ్లండులో 1884లో ఒక తీర్పు వచ్చింది. పడవ మునిగి సముద్రం మధ్య ఆకలితో మాడిన నావికులు తమతో ఉన్న పదిహేడేళ్ల కుర్రవాణ్ని చంపి తిన్నారు. అక్కడ బెదిరించింది ఆకలి. న్యాయమూర్తులు హత్యేనని మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని ఆరు నెలల జైలుకు తగ్గించారు. నేరం నేరమేనన్న మాటా నిలిచింది, వాళ్లు పడ్డ బాధనూ గమనించారు. నాకు ఆ రెండూ ఒకేచోట ఉండటం నచ్చుతుంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఊరి బావి గోడ సందులో పిచ్చుక గూడు ఉండేది. పెద్ద కుర్రాడొకడు నన్ను గట్టు మీదికి వంచి, "గూడు పడగొట్టు, లేకపోతే నిన్ను తోసేస్తాను" అన్నాడు. కర్రతో పడగొట్టాను. మూడు పిల్లలు నీళ్లలో పడ్డాయి. అమ్మకు చెబితే కొట్టలేదు. తల నిమిరి, "భయపడ్డావు నాన్నా. అంత పని చేయించినవాడిదే పెద్ద తప్పు" అంది. తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి తీసుకెళ్లింది. తల్లిపిచ్చుక ఆ సందు చుట్టూ తిరుగుతోంది. అమ్మ ఇంకేమీ అనలేదు.

మీ కుర్రవాడు చెడ్డవాడా అని అడిగారు. దానికి జవాబు చట్టం పుస్తకాల్లో నాకు దొరకలేదు. మీరు ఒక పని చేయండి. ఆ అధ్యాయం మళ్లీ తెరవండి. కావలివాడికి పేరుందా? వాడి ఇంట్లో ఎవరెవరున్నారు? ఆ రాత్రి తర్వాత కుర్రవాడు వాడిని ఎన్నిసార్లు తలుచుకున్నాడు? పెన్సిలుతో గీత పెట్టి లెక్కించి నాకు రాయండి.

మీ తాతయ్య