బాలింత మోషన్ మందు తాగితే బిడ్డకు విరేచనాలవుతాయా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మందుల షాపుకు ఈ మాట అడగడానికి భర్తలే వస్తారు. పక్క కస్టమర్ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి మొదలుపెడతారు: "అన్నా, మా ఇంట్ల ఆమెకు నాలుగు రోజులైంది, మోషన్ అయితలేదు. కుట్లున్నయి. డాక్టర్ సిరప్ రాసిచ్చిన్రు గానీ, బాబుకు పడుతదని అమ్మ తాగనిస్తలేదు."

అపోహ: తల్లి ఏం మింగినా పాలల్లోకి దిగుతుంది.

వాస్తవం: మందు ముందు రక్తంలో కలిస్తేనే పాలల్లోకి వెళ్లేది. లాక్టులోజ్ సిరప్, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, ఇసబ్‌గోల్ పేగుల్లోనే పనిచేస్తాయి, రక్తంలో కలిసేది దాదాపు ఏమీ ఉండదు. బిసాకోడిల్ మాత్ర కొంచెం కలుస్తుంది. అయినా తల్లుల పాలను పరీక్షిస్తే దాని జాడ కనిపించలేదు. లాక్టులోజ్ పనిచేయడానికి రెండు రోజులు పట్టొచ్చు. ఒక డోసు తాగి "పనిచేస్తలేదు" అని సీసా వెనక్కి తెచ్చినవాళ్లూ ఉన్నారు.

అపోహ: చూర్ణమైతే భయం లేదు.

వాస్తవం: నాకు భయం దాంతోనే. మోషన్ చూర్ణాలు చాలావాటిలో పనిచేసే సరుకు సునాముఖి ఆకు. కొలత ప్రకారం చేసిన సునాముఖి మాత్రతో పాలు తాగే పిల్లలకు సాధారణంగా ఇబ్బంది రాదు. చెంచాతో తీసుకునే పొడిలో ఎంత ఉందో ఎవరికి తెలుసు? ఆముదం తాగితే కడుపులో మెలిపెడుతుంది, కుట్ల మీద ఆ బాధ ఎందుకు?

అపోహ: పచ్చి బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదు.

వాస్తవం: సగం మలబద్ధకం ఇక్కడే పుడుతుంది. పాలివ్వడానికే ఒంట్లో నీళ్లు ఖర్చవుతాయి. ఆపైన పథ్యమని కూరగాయలు మాన్పించి కారప్పొడి అన్నం పెడతారు. ప్రసవం తర్వాత 180 రోజులు వేసుకోమనే ఐరన్ మాత్రలు కూడా మోషన్‌ను గట్టిపరుస్తాయి, అలాగని మానేయకూడదు. ఇసబ్‌గోల్ అడిగినవాళ్లకు ఒక చెంచా పొట్టు అరగ్లాసు నీళ్లలో వేసి కాసేపు చూడమంటాను. జిగురుముద్దలా ఉబ్బుతుంది. సరిపడా నీళ్లు తాగకపోతే ఆ ముద్ద పేగుల్లోనే అడ్డంపడొచ్చు.

ఇంకో మాట. తల్లిపాలు తాగే పిల్లలు పసుపుపచ్చగా, పలచగా రోజుకు చాలాసార్లు వెళ్లడం మామూలే. ఆ నేరం సిరప్ మీద వేయకండి. కానీ నీళ్ల విరేచనాలై బిడ్డ పాలు సరిగా తాగకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. తల్లికి మోషన్‌లో రక్తం పడినా, కడుపు ఉబ్బి వాంతులవుతున్నా షాపులో మందు అడగకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి.