పాత నగర దృశ్యాల ప్రింట్లు: నొక్కు ఉంటే అసలుదేనా?

"బొమ్మ చుట్టూ రేకు నొక్కు కనిపిస్తోందండీ, అసలుదే కదా?" పాత నగర దృశ్యాలు కొనేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అమ్మేవాళ్ళు కూడా ఆ నొక్కునే చూపించి ధర చెబుతారు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

అపోహ: ఆ నొక్కు, అంటే ప్లేట్ మార్క్, ఉంటే అసలు ప్రింటే.

వాస్తవం: చెక్కిన గీతల్లో సిరా నింపిన రాగి రేకు మీద తడి కాగితం పరచి, పైన ఫెల్టు (మందపాటి ఉన్ని గుడ్డ) కప్పి రోలర్ల మధ్య నుంచి లాగితే రేకు అంచు కాగితంలోకి దిగుతుంది. ఆ నొక్కు అలా పడుతుంది. ఇప్పటి ఆఫ్‌సెట్ యంత్రంలో అచ్చేసిన బొమ్మ మీద ఖాళీ రేకు పెట్టి నొక్కినా అదే గుర్తు వస్తుంది, ఫ్యాక్సిమిలీలు (అచ్చం అసలులా వేసిన నకళ్ళు) చాలావాటికి అలాగే వేస్తారు. అందుకని నొక్కును వదిలేసి గీతను చూడండి.

ముందు ఫ్రేములోంచి బయటికి తీయించండి. ఒప్పుకోకపోతే కొనకండి. పదింతలు పెద్దది చేసే భూతద్దంలో గీత చుక్కలుగా విడిపోతే అది నకలే. చుక్కలు లేనంత మాత్రాన నమ్మెయ్యకండి, లిథోలో, అంటే చదునైన రాతి మీద బొమ్మ గీసి, వేసిన నకళ్ళలోనూ చుక్కలుండవు. టార్చిలైటు పక్కవాటుగా పట్టండి. రాగి రేకు ప్రింటులో సిరా కాగితం మీద కాస్త ఉబ్బి నిలబడుతుంది. బ్యూరిన్‌తో (రాగి మీద చెక్కే మొనదేలిన ఉలి) చెక్కిన గీత సన్నగా మొదలై, లావెక్కి, మళ్ళీ సూదిమొనలా ముగుస్తుంది. లిథోలో సిరా చదునుగా ఉంటుంది, గీత కొసలు మొద్దుబారి ఉంటాయి. ఫొటోగ్రావ్యూర్‌లో (ఫొటో నుంచి రాగి రేకు తయారుచేసి అచ్చేసే పద్ధతి) సిరా కొంచెం లేచే ఉంటుంది కానీ గీత అంచు ఇసుక రాలినట్టు గరుగ్గా కనిపిస్తుంది.

తర్వాత కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టండి. 1750ల కంటే ముందటి ఐరోపా కాగితంలో రెండు మూడు సెంటీమీటర్ల ఎడంతో గొలుసు గీతలు (కాగితం తీసిన జల్లెడ తీగల గుర్తులు) కనబడాలి. నోట్లు పరీక్షించే యూవీ లైటు కింద తెల్లటి నీలంగా మెరిస్తే ఆ కాగితం సుమారు 1950 తర్వాతది. మెరవకపోతే మాత్రం ఏదీ తేలినట్టు కాదు.

అపోహ: వెనక ఖాళీగా ఉంటే నకలు.

ఇది పుస్తకాన్ని బట్టి ఉంటుంది. గేయోర్గ్ బ్రౌన్, ఫ్రాన్స్ హోగెన్‌బెర్గ్‌లు కొలోన్‌లో 1572లో మొదలుపెట్టిన సివిటాటెస్ ఆర్బిస్ టెర్రారమ్ అనే నగర దృశ్యాల పుస్తకం ఆరు సంపుటాల్లో వచ్చింది. దాని ప్రింట్ల వెనక లాటిన్‌లోనో జర్మన్‌లోనో ఫ్రెంచ్‌లోనో వివరణ అచ్చయి ఉంటుంది. మన కాలికట్, గోవా, దియు బొమ్మలు మొదటి సంపుటంలోవే. మాథెయస్ మేరియన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1642 నుంచి వేసిన టొపోగ్రాఫియా జర్మానియే అనే పుస్తకాల వరుసలోని ప్రింట్ల వెనక మాత్రం సాధారణంగా ఖాళీయే.

అపోహ: 1572 నాటి బొమ్మ అంటే 1572లోనే అచ్చయింది.

రాగి రేకులు చేతులు మారతాయి. బ్రౌన్-హోగెన్‌బెర్గ్ రేకులు ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రచురణకర్త యాన్ యాన్సన్ చేతికి వచ్చాయి, వాటిలో చాలా తర్వాత మరో ప్రచురణకర్త ఫ్రెడరిక్ డె విట్‌కు చేరాయి. అరిగిన రేకు బొమ్మలోని ఆకాశం దగ్గర తెలిసిపోతుంది: సన్నని గీతలు మాయమై తెల్లబారి ఉంటుంది. ఇది మోసం కాదు, అసలు రేకు ప్రింటే. కాకపోతే తొలి ముద్రణ ధర పెట్టకండి.

ఇక మిగతావి. నొక్కు లేకపోతే నకలు అనుకోవద్దు: ఆంటన్ కోబెర్గర్ 1493లో న్యూరెంబెర్గ్‌లో వేసిన షెడెల్ ప్రపంచ చరిత్ర పుస్తకంలో బొమ్మలు చెక్క దిమ్మెలతో వేసినవి, వాటికి ప్లేట్ మార్క్ ఉండదు. అందులో ఒకే దిమ్మెను వేర్వేరు ఊళ్ళకు వాడారు కూడా, కాబట్టి ఊరి పేరు చూసి పోలిక వెతక్కండి. రంగు ఉంటే పాతదనీ నమ్మకండి. నలుపు తెలుపు ప్రింటుకు నిన్న మొన్న రంగులేసి ఉండొచ్చు. రాగితో చేసిన ఆకుపచ్చ రంగు వెనకవైపు గోధుమరంగు మరకగా దిగి ఉంటే అది పాత రంగు అయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పటికే కొనేసి, నకలేమోనని బెంగపడుతున్నవాళ్ళు ముందు ఈ పరీక్షలు చేసుకోండి, పుకార్లు విని అయినకాడికి అమ్మేయకండి. తేలేదాకా లామినేషన్ చేయించొద్దు, వెనక సెలోటేపు అంటించొద్దు. లామినేషన్ ప్లాస్టిక్ వేడికి కాగితంలోకి కరిగి దిగుతుంది, తీయబోతే సిరా దానితోపాటే లేచి వస్తుంది. టేపు జిగురు కొన్నేళ్ళకు పసుపు మరకై ముందువైపు కనిపిస్తుంది. యాసిడ్ లేని అట్ట మధ్య, గోధుమ పిండి జిగురుతో జపనీస్ కాగితం పట్టీలు పైఅంచుకు మాత్రం వేయించి, ఎండ తగలని గోడకు పెట్టుకోండి.