హెచ్చరిక గడప దాటే దాకా

1977 నవంబరు 19న బంగాళాఖాతంలోని పెను తుపాను చీరాల సమీపంలో తీరం దాటింది. కానీ ప్రాణనష్టం అత్యధికంగా జరిగింది చీరాలలో కాదు, దానికి ఈశాన్యంగా, కృష్ణానది రెండు పాయల నడుమ ఉన్న దివిసీమలో. సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన మైళ్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చి, పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. పాలకాయతిప్ప వంటి పల్లెలు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి.

తుపాను ఒకచోట తీరం దాటితే ఉప్పెన మరొకచోట ఎందుకు విరుచుకుపడింది? భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలులు గడియారం ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా సుడి తిరుగుతాయి. అందువల్ల తుపాను కదిలే దారికి కుడివైపున ఉన్న తీరంలో గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. తుపాను ముందుకు సాగే వేగం కూడా ఆ గాలికి తోడవుతుంది. ఎడమవైపున గాలి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది కనుక అక్కడ నీరు వెనక్కి పోతుంది. వాయవ్యంగా కదులుతూ చీరాల దగ్గర తీరం దాటిన తుపానుకు దివిసీమ సరిగ్గా కుడిచేతి వైపున పడింది. తుపాను కేంద్రంలో గాలిపీడనం తగ్గడం వల్ల కూడా సముద్రమట్టం పెరుగుతుంది గాని, ఒక మిల్లీబారు తగ్గితే పెరిగేది దాదాపు ఒక సెంటీమీటరే. డెబ్బై మిల్లీబార్లు పడిపోయినా నీరు మీటరు కూడా లేవదు. మిగిలినదంతా గాలి నెట్టుకొచ్చిన నీరే. నదులు తరతరాలుగా ఒండ్రు తెచ్చి పోసిన తీరంలో లోతు తక్కువ కాబట్టి, అలా నెట్టుకొచ్చిన నీటికి అడుగున వెనక్కి మళ్లే చోటు ఉండదు. అది పైకి లేచి పొలాల మీదికి రావలసిందే.

ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864లో బందరు పట్టణంలోనూ చుట్టుపక్కలా సుమారు ముప్పై వేల మంది ఇలాగే చనిపోయారు. ఆ తరవాత 113 ఏళ్లకు కూడా మరణాలు వేలల్లోనే ఉన్నాయంటే, కష్టం వస్తుందని తెలిసిన సమాజం దాన్ని ఎదుర్కొనే ఏర్పాటు చేసుకోలేదనే అర్థం. తేడా ఆ తరవాతి పదమూడేళ్లలో వచ్చింది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో భీకర తుపాను తీరం దాటినప్పుడు చనిపోయినవారి సంఖ్య వెయ్యికి లోపే ఉండిపోయింది. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పనిచేయడం మొదలుపెట్టాక సముద్రం మీది మేఘాలను ఎడతెగకుండా గమనించడం, మారుమూల పల్లెలకు నేరుగా హెచ్చరిక పంపడం సాధ్యమైంది. తీరం వెంట పక్కా తుపాను షెల్టర్లు లేచాయి. పెద్దఎత్తున జనాన్ని ముందుగానే తరలించారు.

అయితే ఉపగ్రహం మనిషిని ఇంట్లోంచి కదిలించలేదు. హెచ్చరిక విన్న మనిషి వెంటనే బయలుదేరడని విపత్తులను అధ్యయనం చేసినవారు ఎన్నో దేశాల్లో గమనించారు. అతడు ముందు ఆకాశం వంక చూస్తాడు, పక్కింటివాళ్లను అడుగుతాడు, నిరుడు ఇలాగే చెబితే ఏమీ కాలేదు కదా అనుకుంటాడు. కట్టుగొయ్యన ఉన్న గేదెలను ఎవరు చూస్తారు, నడవలేని ముసలితల్లిని ఎలా తీసుకెళ్లాలి, తాళం వేసిన ఇంటికి ఎవరు కాపలా అన్నవి అతడికి నిజమైన ప్రశ్నలు. వాటిని మూర్ఖత్వమనడం అన్యాయం. పశువే ఆస్తి అయిన కుటుంబం దాన్ని వదిలి రావడానికి జంకితే, తప్పు పశువులకు చోటు చూపని ఏర్పాటుదే.

బంగ్లాదేశ్ అనుభవం ఇక్కడ చాలా విలువైనది. 1970 భోలా తుపానులో కనీసం మూడు లక్షల మంది చనిపోయాక, అక్కడ 1972లో ఊరి మనుషులనే కార్యకర్తలుగా తీర్చిదిద్దే కార్యక్రమం మొదలైంది. తెలిసిన ముఖం వాకిట్లో నిలబడి చెబితే జనం కదులుతారు. అయినా 1991లో లక్షకు పైగా మరణించారు, వారిలో స్త్రీల మరణాల రేటు పురుషుల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. షెల్టర్లు చాలకపోవడం ఒక కారణమైతే, పిల్లలను పట్టుకుని, ఇంటి మగవారి మాట కోసం ఎదురుచూస్తూ ఆగిపోవడం మరొకటి. ఒకే గాలి, ఒకే నీరు, కానీ ఒకే ఇంట్లో ఇద్దరికి వేర్వేరు అపాయం.

విపత్తు వేళ జనం పిచ్చెత్తినట్లు పరుగులు తీస్తారని, దొరికింది దోచుకుంటారని అనుకోవడం పరిపాటి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎన్రికో క్వారంటెల్లీ, ఆయన సహచరులు దశాబ్దాల పాటు సాగించిన పరిశీలనల్లో అలాంటి కంగారు చాలా అరుదని తేలింది. శిథిలాల్లోంచి, నీటిలోంచి బాధితులను మొదట లాగేది ప్రభుత్వ బలగాలు కావు, కుటుంబ సభ్యులూ ఇరుగుపొరుగూ. అందువల్ల జనం భయపడతారేమోనని సమాచారాన్ని ఆలస్యంగా, తగ్గించి చెప్పే అధికారి వారికి మేలు చేయడు.

హెచ్చరిక చేరని చోటు మాత్రం ఒకటి మిగిలిపోయింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెల మత్స్యకారులు చాలామంది అప్పటికే సముద్రం మీద ఉన్నారు. రేవులో ఎగరేసిన ప్రమాద సూచిక నడిసముద్రంలోని పడవకు కనిపించదు.

ఇప్పుడు తీరంలో ప్రాణాలు ఎక్కువగా దక్కుతున్నాయి, కష్టం మాత్రం రూపు మార్చుకుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో వరి కోతల కాలం. పనల మీద ఉన్న వరి నీట నానితే రెండు మూడు రోజుల్లో గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో చిక్కే. ఆ పొలం దున్నేది చాలాచోట్ల కౌలు రైతు. పంట వేసింది తనేనని చూపే సాగుదారు కార్డు అతడికి రావాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టం ప్రకారం భూయజమాని అంగీకరించి సంతకం చేయాలి, యజమానులు చాలామంది అందుకు వెనుకాడతారు. కార్డు లేకపోతే పంటనష్టం లెక్కలో అతడి పేరు ఎక్కడం కష్టం, పెట్టుబడికి తెచ్చిన అప్పు మాత్రం అతడి పేరు మీదే ఉంటుంది. తుపాను దారిని మూడు రోజుల ముందే గీసి చూపగలుగుతున్నాం. నీరు తీశాక గట్టు మీదికి వచ్చే అధికారి చేతిలోని జాబితాలో, ఆ పొలం దున్నినవాడి పేరు ఉండేలా చూడడం ఇంకా మిగిలి ఉన్న పని.