తెలుగు సైట్‌లో సెర్చ్ బాక్స్: అపోహలు - వాస్తవాలు

సైట్ దాదాపు పూర్తయ్యాక క్లయింట్లు అడుగుతారు: "ఓ సెర్చ్ బాక్స్ కూడా పడేయండి." పెట్టడం తేలికే. వెతికితే దొరకాలి కదా, అక్కడుంది పని.

అపోహ: బాక్స్ పెడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

వాస్తవం: సైట్లు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ సొంత సెర్చ్, మీరు కొట్టిన పదం అక్షరం పొల్లుపోకుండా పోస్టులో ఉందా అని మాత్రమే చూస్తుంది. "మామిడికాయ" అంటే "మామిడికాయలతో" కూడా దొరుకుతుంది. "మామిడికాయలు" అంటే మాత్రం "మామిడికాయల పచ్చడి" రాదు, చివరి కొమ్ము అడ్డం. "ఇల్లు" అని వెతికితే "ఇంట్లో" ఎలాగూ రాదు. పెళ్లి, పెళ్ళి గొడవ సరేసరి. కంటికి కనపడని చిక్కు ఇంకోటి: "సాఫ్ట్‌వేర్"లో వ వత్తుగా మారకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు. పోస్టులో అది ఉండి, వెతికేవాళ్లు అది లేకుండా టైప్ చేస్తే చాలా సెటప్‌లలో ఫలితం సున్నా.

నేను చేసేది ఇది. పాఠకులకు కనిపించే పోస్టు జోలికి పోకుండా, వెతకడానికి వేరే కాపీ ఉంచుతాను. అందులో ఆ జాయినర్ తీసేసి, "ళ్ళ"లన్నీ "ళ్ల" చేసి, లు, ల, లో, కి, తో లాంటి చివరలు కోస్తాను. యూజర్ కొట్టిన మాటకూ అదే కోత. చిన్న పదాల దగ్గర జాగ్రత్త: "పాలు"లో "లు" కోస్తే "పా" మిగులుతుంది!

అపోహ: గూగుల్ బాక్స్ అతికిస్తే గొడవే లేదు.

వాస్తవం: ఆ బాక్స్ పేరు ప్రోగ్రామబుల్ సెర్చ్. అది గూగుల్ ఇండెక్స్‌లోకి, అంటే గూగుల్ చదివి దాచుకున్న పేజీల జాబితాలోకి ఎక్కిన పేజీలనే చూపిస్తుంది. పొద్దున పెట్టిన పోస్టు సాయంత్రానికి కూడా రాకపోవచ్చు. ఉచితం కాబట్టి పైన యాడ్స్, ఒక్కోసారి మీ పోటీదారువే. డబ్బు కట్టి యాడ్స్ వదిలించుకునే "సైట్ సెర్చ్" అనే సేవను గూగుల్ 2018లో మూసేసింది.

అపోహ: చిన్న సైట్‌కైనా ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి పెద్ద సెర్చ్ ఇంజిన్ కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. స్టాటిక్ సైట్‌కి, అంటే ముందే తయారుచేసి పెట్టిన పేజీల సైట్‌కి, పేజ్‌ఫైండ్ అనే సెర్చ్ టూల్ సరిపోతుంది.

అపోహ: ఫలితాల పేజీ అంటే శీర్షికల జాబితా.

వాస్తవం: శీర్షిక కింద పోస్టు మొదటి రెండు లైన్లు కాదు, వెతికిన మాట ఉన్న వాక్యం చూపించండి. యూజర్ టైప్ చేసింది పేజీలో తిరిగి చూపేటప్పుడు ఎస్కేప్ చేయాల్సిందే (అంటే కోడ్‌గా నడవకుండా మామూలు అక్షరాలుగా మార్చాలి), లేకపోతే ఎవడో స్క్రిప్ట్ దూర్చేస్తాడు. ఏమీ దొరకనప్పుడు ఖాళీ పేజీ బదులు నాలుగు వర్గాల లింకులైనా పెట్టండి. జనం ఏం వెతుకుతున్నారో గూగుల్ అనలిటిక్స్ 4 చెబుతుంది. అందులో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, వెతికిన మాటకు ముందు పేజీ అడ్రస్‌లో వర్డ్‌ప్రెస్ వాడే "ఎస్" (s) పారామీటర్‌ను అదే గుర్తుపడుతుంది, వేరే కోడ్ రాయక్కర్లేదు.