లాల్‌బాగ్ గేటు దాటిన తర్వాత: వికలాంగుల దారికి వెనుక చరిత్ర

గణతంత్ర దినోత్సవానికీ, స్వాతంత్ర్య దినోత్సవానికీ లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన పెడితే బెంగళూరు తెలుగువాళ్లే కాక హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి కూడా కుటుంబాలు బయలుదేరుతాయి. ఇంట్లో చక్రాల కుర్చీలో తిరిగే తాతగారో, చూపు లేని పిల్లో ఉంటే మాత్రం బయలుదేరే ముందు ఒక చర్చ జరుగుతుంది. వారిని వెంట తీసుకువెళ్లాలా, ఎవరినైనా తోడు ఉంచి వెళ్లాలా అని. చాలా ఇళ్లలో రెండోదే ఖాయమవుతుంది. జనం రద్దీ ఒక కారణమే కానీ అసలు కారణం అంతకంటే పాతది. ఈ తోటను ఎవరు ఎవరి కోసం వేశారు, తర్వాత వచ్చినవారు ఎవరిని మనసులో పెట్టుకుని దాన్ని పెంచారు అన్నది తెలిస్తే, ఒక ర్యాంపు వేస్తే ఎందుకు సరిపోదో అర్థమవుతుంది.

1760లో హైదర్ అలీ ఈ తోటకు పునాది వేశాడు. మన మడకశిరకు పక్కనే ఉన్న శిరలోని మొగలాయి తోటలను చూసి అతనికి ఆ కోరిక పుట్టిందని చెబుతారు. మొదట దాదాపు 40 ఎకరాలు. టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించి పెంచాడు. అది రాజు విహరించే తోట. 1856లో అది ప్రభుత్వ వృక్షోద్యానం అయింది. తోట సూపరింటెండెంటు జాన్ కామెరాన్ కాలంలో 1889లో గ్లాస్ హౌస్‌కు శంకుస్థాపన జరిగింది. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో కట్టిన ఆ గాజు మండపంలోనే నేటికీ పూల ప్రదర్శనలు జరుగుతున్నాయి. 1908లో జర్మనీకి చెందిన ఉద్యాన నిపుణుడు క్రుంబీగల్ వచ్చి తోట రూపురేఖలను మరింత తీర్చిదిద్దాడు. క్రమంగా విస్తీర్ణం 240 ఎకరాలకు చేరింది.

ఈ వరుసలో ప్రతి దశకూ ఒక ఊహించుకున్న సందర్శకుడు ఉన్నాడు. రాజు, రాజబంధువు, ఆ తర్వాత నోటుపుస్తకం పట్టుకుని చెట్టు నుంచి చెట్టుకు నడిచే వృక్షశాస్త్రవేత్త, ఆ తర్వాత ఆదివారం పూట పిల్లాపాపలతో వచ్చే నగరవాసి. అందరికీ కాళ్లు బాగా ఆడతాయి, కళ్లు బాగా కనిపిస్తాయి. చెట్టుకు కొట్టిన పలక మీద లాటిన్ పేరు చిన్న అక్షరాల్లో ఉండటం శాస్త్రవేత్తకు చాలు. దారికీ చెట్టుకూ మధ్య రెండు మెట్లు, ఒక గట్టు ఉండటం అందం. ఎవరూ కావాలని ఎవరినీ అడ్డుకోలేదు. అడ్డుకుంటున్నామన్న ఆలోచనే రాలేదు, అందుకే ఆ అడ్డంకులు ఇంత కాలం నిలిచాయి.

ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. పాత తోటలన్నిటితో పోలిస్తే లాల్‌బాగ్‌కు ఒక మేలు ఉంది. దాని ప్రధాన దారులు వెడల్పైనవి. చక్రాల కుర్చీ ఆ దారుల మీద సాగుతుంది. ఇబ్బంది ప్రధాన దారి విడిచి చెట్టు దగ్గరికి, చెరువు ఒడ్డుకు మళ్లే చోట మొదలవుతుంది. అంటే తోటలోకి రావచ్చు, తోట కోసం వచ్చిన పని మాత్రం కాదు. గేటు దగ్గర ర్యాంపు వేసి పని అయిపోయిందనుకునే ధోరణి మన ఊళ్లన్నిటా ఉంది కనుక ఈ తేడాను గట్టిగా చెప్పడం అవసరం.

చట్టం ఈ విషయాన్ని పట్టించుకోవడానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది. జావేద్ అబీదీ వంటి ఉద్యమకారులు ఢిల్లీ వీధుల్లోకి వచ్చి పట్టుబట్టిన తర్వాత ఆ ఏడాది డిసెంబరులో వికలాంగుల సమాన అవకాశాల చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. 1996 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టాన్ని ఇప్పుడు చదివితే రెండు లోపాలు కనిపిస్తాయి. రవాణాకు ఒక సెక్షను, రోడ్లకు ఒకటి, కట్టడాలకు ఒకటి పెట్టారు. తోట పూర్తిగా రోడ్డు కాదు, పూర్తిగా భవనమూ కాదు. అందులోని మట్టిదారి, కూర్చునే బల్ల, మొక్క పేరు చెప్పే పలక ఏ సెక్షనులోనూ ఇమడలేదు. రెండో లోపం ఇంకా పెద్దది. ఆ ఏర్పాట్లన్నీ ప్రభుత్వ ఆర్థిక శక్తికీ అభివృద్ధి స్థాయికీ లోబడి చేస్తే చాలని చట్టంలోనే రాశారు. డబ్బు లేదు అన్న ఒక్క జవాబుతో ఏ అధికారి అయినా ఫైలు మూసేయడానికి అది తలుపు తెరిచింది.

ఇష్టముంటే పని ఎంత త్వరగా జరుగుతుందో 2001 జనవరిలో దేశం చూసింది. స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మినార్ వంటి చోట్ల ఆయన కుర్చీ కోసం తాత్కాలిక ర్యాంపులు అమర్చారు. ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్తకు దారి వేయడం మర్యాదే. అదే ఢిల్లీలో పుట్టి పెరిగి ఆ కట్టడాన్ని బయటి నుంచే చూసిన వేలమంది మాటేమిటని వికలాంగుల సంఘాలు అడిగాయి. వారసత్వ కట్టడాలకూ తోటలకూ దారి గురించి మన దేశంలో బహిరంగంగా చర్చ జరిగిన తొలి సందర్భాల్లో అది ఒకటి.

2007లో భారతదేశం ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. సాంస్కృతిక జీవితం, వినోదం, విశ్రాంతి కూడా హక్కులేనని ఆ ఒడంబడిక చెబుతుంది. దానికి తగ్గట్టు కొత్త చట్టం రావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. గుర్తించిన వైకల్యాల సంఖ్య 7 నుంచి 21కి పెరిగింది. ప్రజాభవనం అన్న నిర్వచనంలో వినోద, సాంస్కృతిక అవసరాలకు వాడేవీ చేరాయి. అప్పటికే ఉన్న ప్రజాభవనాలను నిబంధనలు వెలువడిన ఐదేళ్లలోగా అనువుగా మార్చాలన్నారు. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022 జూన్‌తో ముగిసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు, కర్ణాటకలో 13 లక్షలకు పైగా. ఆ గడువు ముగిసిన రోజును వీరిలో ఎంతమంది గమనించగలిగేలా ప్రభుత్వాలు పనిచేశాయో మన ఊరి పార్కు గేటు దగ్గర నిలబడి చూస్తే చాలు.

ఆ గేట్ల సంగతీ చెప్పాలి. నగరంలో ఎన్నో పార్కుల ముందు ద్విచక్ర వాహనాలూ పశువులూ రాకుండా ఇనుప స్తంభాలు దగ్గరదగ్గరగా పాతుతారు, లేదా వంకర తిరిగే సన్నని గేటు పెడతారు. మోటారు సైకిలు దూరని సందులో చక్రాల కుర్చీ కూడా దూరదు. పెద్ద గేటుకు తాళం ఉంటుంది, తాళంచెవి కాపలాదారు దగ్గర ఉంటుంది, కాపలాదారు టీ తాగడానికి వెళ్లి ఉంటాడు. ఒక మనిషి ఉద్యానంలోకి రావడానికి ఇంకొకరిని బతిమాలే పరిస్థితి ఇలా ఏర్పడుతుంది. స్తంభాల మధ్య కనీసం 900 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే కుర్చీ పడుతుంది. అది ఖర్చుకు సంబంధించిన విషయమే కాదు.

బెంగళూరు ఈ విషయంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1959లోనే ఎన్.ఎస్. హేమ మరికొందరితో కలిసి వికలాంగుల కోసం ఏపీడీ (అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీ) సంస్థను స్థాపించారు. ఆమె కూడా పోలియో వచ్చి చక్రాల కుర్చీలో తిరిగినవారే. ఆ సంస్థ వికలాంగులకు తోటపనిలో శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని నడుపుతోంది. తోట చూడటానికి వచ్చేవారిగానే కాక, తోట వేసేవారిగా వికలాంగులను గుర్తించిన పని అది. వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కలిసి మొదలుపెట్టిన కిలికిలి సంస్థ నగరపాలికతో కలిసి కోల్స్ పార్కు వంటి చోట్ల అందరు పిల్లలూ ఆడుకునే ఆటస్థలాలు తయారు చేయించింది. ఇక మెట్రో వచ్చింది. 2017 జూన్‌లో లాల్‌బాగ్ స్టేషను తెరుచుకుంది. ఆ మెట్రో కోసమే 2009లో లాల్‌బాగ్ అంచున కొంత భూమి, చెట్లు పోయాయి. నగరం బాధపడింది, నిరసన తెలిపింది. ఇప్పుడు అదే మెట్రోలో లిఫ్టు ఎక్కి, కాలికి తగిలే పసుపు పలకల వెంట నడిచి చూపు లేనివారు స్టేషను బయటి దాకా ఒంటరిగా రాగలుగుతున్నారు. పడమటి గేటు అక్కడికి దగ్గరే. ఆ పలకల దారి తోట లోపల కూడా కొనసాగాలి.

చెన్నై అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మెరీనా బీచ్‌లో ఇసుక మీదుగా సముద్రం దగ్గరికి వెళ్లడానికి 263 మీటర్ల చెక్క దారిని 2022 నవంబరులో ప్రారంభించారు. ఖర్చు రూ. 1.14 కోట్లు. ఆ దారి మీదుగా జీవితంలో మొదటిసారి అలలకు దగ్గరగా వెళ్లినవారు ఉన్నారు. రెండు వారాలు తిరగకముందే మాండస్ తుఫాను దాన్ని దెబ్బతీసింది. తర్వాత బాగుచేశారు. కట్టడంతోనే పని ముగియదని, నిర్వహణకు ఏటా డబ్బు కేటాయించాలని మెరీనా గుర్తుచేసింది. తోటలో తుఫాను అక్కరలేదు. ఒక వానాకాలంలో పెరిగిన చెట్టు వేరు చాలు దారిని పైకి లేపడానికి.

సిమెంటు పోయవద్దనే పర్యావరణ ప్రేమికుల భయం నిజమైనదే. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల వంటి ప్రభుత్వ ఉద్యానాలను కాపాడటానికి కర్ణాటక 1975లోనే ప్రత్యేక చట్టం చేసింది, అది చేయకపోతే ఇవాళ ఈ చర్చకు తోటే మిగిలేది కాదు. కానీ చక్రాల కుర్చీకి కావలసింది గట్టిగా, సమంగా ఉన్న నేల. నీరు ఇంకేలా, గట్టిగా అణచి వేసిన మట్టి దారితోనూ అది సాధ్యమే. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు ఉండాలి, మధ్యమధ్య ఆగడానికి చదునైన చోటు, ఆనుకునే బల్ల, వెడల్పు తలుపున్న మరుగుదొడ్డి ఉండాలి. దాదాపు 300 కోట్ల ఏళ్ల వయసున్న లాల్‌బాగ్ బండను చెక్కి వాలు చేయమని ఎవరూ అడగరు. అది జాతీయ భూవిజ్ఞాన స్మారకం. దాని కింద, చేతితో తడిమి ఆకారం తెలుసుకునే చిన్న నమూనా పెట్టవచ్చు.

తోట కళ్లకు మాత్రమే సంబంధించినదని అనుకోవడమే పెద్ద పొరపాటు. మరువం, దవనం, తులసి, నిమ్మగడ్డి, సంపెంగ, నాగలింగ పువ్వు, ఇవన్నీ ముక్కుకూ వేళ్లకూ దొరికేవి. లాల్‌బాగ్‌లోని పాత తెల్లబూరుగు చెట్టు వేళ్లు గోడల్లా లేచి నిలబడతాయి, చేయి వేసి నడిస్తే ఆ చెట్టు ఎంతదో తెలుస్తుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వృక్షోద్యానం 1955లోనే చూపు లేనివారి కోసం పరిమళాల తోట వేసింది. కుర్చీలో కూర్చున్నవారికి అందే ఎత్తులో మడులు కట్టింది. మన దేశంలో కాలికట్ విశ్వవిద్యాలయ వృక్షోద్యానంలో తాకి తెలుసుకునే తోట ఉంది. లాల్‌బాగ్‌కు కావలసిన మొక్కలన్నీ ఇప్పటికే లాల్‌బాగ్‌లో ఉన్నాయి.

చట్టం వైపు నుంచి చివరి మలుపు 2024 నవంబరు 8న వచ్చింది. చూపు లేని రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం దేశమంతటా పరిశీలించి ఇచ్చిన నివేదిక ఆ తీర్పుకు ఆధారం. 2017 నిబంధనల్లోని 15వ నిబంధన, కట్టడాలను అనువుగా మార్చే ప్రమాణాలను సలహాలుగా మార్చేసి చట్టం ఇచ్చిన హక్కును నీరుగార్చిందని కోర్టు తేల్చింది. తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నిబంధనలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. 1995లో తెరిచిన తలుపును మూయడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టిందన్నమాట.

లాల్‌బాగ్‌ను చూసుకునే రాష్ట్ర ఉద్యానశాఖ ఢిల్లీ నుంచి కాగితం వచ్చేదాకా ఆగనక్కరలేదు. నాలుగు గేట్ల నుంచి గ్లాస్ హౌస్ దాకా, చెరువు దాకా, బండ అడుగు దాకా ఎక్కడ మెట్టు ఉందో, ఎక్కడ వాలు ఎక్కువో, ఎక్కడ పేరు పలక చదవలేమో ఒక తనిఖీ చేయించి ఆ నివేదికను ప్రజల ముందు పెట్టవచ్చు. ఆ తనిఖీకి వెళ్లే బృందంలో ఇంజనీర్ల పక్కన చక్రాల కుర్చీలో తిరిగేవారు, చూపు లేనివారు, ఈ నగరంలోనే తోటపని నేర్చుకున్న వికలాంగులు జీతం తీసుకుంటూ పనిచేయాలి. పూల ప్రదర్శన రోజుల్లో ఒక ఉదయం పూట కొన్ని గంటలు వారికీ వారి కుటుంబాలకూ కేటాయించడానికి తనిఖీ కూడా అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.